పీఎస్‌ఏ బాగానే ఉంది... మరి ఈ గడ్డేంటి?

ప్రోస్టేట్ క్యాన్సర్ అనగానే అందరికీ తెలిసిన లెక్క ఒకటుంది. అరవై దాటిన వయసు, రక్తంలో పెరిగిన పీఎస్‌ఏ, నెమ్మదిగా ముదిరే జబ్బు. అదే గ్రంథిలో ఈ లెక్కకు లొంగని కణితులూ పుడతాయి. పీఎస్‌ఏ పెరగదు. వయసు చూడవు... రెండేళ్ల పసివాణ్నీ వదలవు. కొన్నింటికి కత్తే దిక్కు. కొన్నింటికి కత్తి పెడితే ఉపయోగం లేదు. ఏది ఏదో ముందే తేల్చుకోవడంలోనే ఉంది ప్రాణం.

యాభై రెండేళ్ల రైతు అనుకుందాం. రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేస్తున్నాడు. ఒంటేలుకి వెళ్తే ఓ పట్టాన రాదు. వచ్చినా సన్నటి ధార. ఊళ్లో ఆర్‌ఎంపీ మాత్రలిచ్చాడు. తగ్గలేదు. పట్నం వెళ్తే స్కానింగ్ తీసి ‘ప్రోస్టేట్ వాచింది, ఈ వయసులో మామూలే’ అన్నారు. రక్తపరీక్షలో పీఎస్‌ఏ 1.2. ‘క్యాన్సర్ భయం లేదు, వెళ్లిరండి’ అన్నారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

మూడు నెలలు గడిచాయి. ఓ రాత్రి మూత్రం పూర్తిగా ఆగిపోయింది. పొత్తికడుపు రాయిలా గట్టిపడింది. తెల్లవారకుండానే ఆసుపత్రికి పరుగు. పైపు వేసి మూత్రం తీశారు. తర్వాత మూత్రనాళంలోంచి పరికరం పంపి, అడ్డంగా ఉన్న కండను గీకి తీశారు. ఆ ముక్కల్ని ల్యాబ్‌కి పంపారు. వారానికి రిపోర్టు వచ్చింది. అందులో ఉన్న పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ విననిది... లియోమయోసార్కోమా.

‘‘పీఎస్‌ఏ బాగానే ఉందన్నారు కదండీ డాక్టరుగారూ?’’ భార్య ప్రశ్న.

‘‘ఈ గడ్డకి పీఎస్‌ఏతో సంబంధం లేదమ్మా.’’

ఇది ఒక మనిషి కథ కాదు. ప్రోస్టేట్‌లో అరుదైన కణితి వచ్చినవాళ్లలో చాలామంది దారి దాదాపు ఇలాగే నడుస్తుంది. ముందు వయసు వాపు అనుకోవడం, తర్వాత పీఎస్‌ఏ చూసి ధైర్యపడటం, ఆఖరికి ముక్క పరీక్షలో బయటపడటం!

ఉసిరికాయంత గ్రంథి

ప్రోస్టేట్ మగవాళ్లకు మాత్రమే ఉండే గ్రంథి. మూత్రాశయానికి కింద, మలాశయానికి ముందు, పెద్ద ఉసిరికాయంత సైజులో ఉంటుంది. యుక్తవయసులో బరువు 20 గ్రాములు అటూఇటూ. మూత్రనాళం సరిగ్గా దీని మధ్యలోంచే వెళ్తుంది. అందుకే ఇది కాస్త ఉబ్బినా ముందుగా మొరాయించేది మూత్రమే.

వీర్యంలో కలిసే ద్రవాన్ని తయారుచేయడం దీని పని. ఆ ద్రవాన్ని ఊరించే కణాలే పీఎస్‌ఏ అనే ప్రొటీన్‌నీ తయారుచేస్తాయి. వీర్యాన్ని పలచగా చేయడానికి అది పనికొస్తుంది. కొంచెం రక్తంలోకీ చేరుతుంది. ఆ కణాలు దెబ్బతిన్నా, క్యాన్సర్‌గా మారినా రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. పీఎస్‌ఏ పరీక్ష వెనకున్న సూత్రం ఇదే.

2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 14.7 లక్షల మందికి కొత్తగా ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిందని అంచనా. వాటిలో నూటికి 90కి పైగా ఈ ద్రవం ఊరించే కణాల్లో పుట్టినవే. వైద్యులు అడినోకార్సినోమా అంటారు. మనం వినే సలహాలూ, పరీక్షలూ, హార్మోన్ ఇంజెక్షన్లూ అన్నీ దీనికోసం తయారైనవే.

అయితే గ్రంథిలో ఉన్నవి ఆ కణాలొక్కటే కాదు. వాటిని పట్టి ఉంచే కండరాలున్నాయి, పీచు కణజాలం ఉంది, మూత్రనాళపు లోపలి పొర ఉంది, నాడులకు చుట్టాల్లాంటి కణాలున్నాయి. వీటిలో ఏదైనా దారి తప్పొచ్చు. అప్పుడు పుట్టే కణితి తీరు పూర్తిగా వేరు.

ఇంటిపేరు ఒకటే... తీరు వేరు

ఈ అరుదైన జాతిలో అందరికన్నా మొండివి సార్కోమాలు. కండరంలోనో, పీచు కణజాలంలోనో పుడతాయి. ప్రోస్టేట్ క్యాన్సర్లన్నీ కలిపి చూస్తే ఇవి నూటికి ఒకటి కూడా ఉండవు. పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించేది లియోమయోసార్కోమా, పిల్లల్లో రాబ్డోమయోసార్కోమా. ఇవి పీఎస్‌ఏని తయారుచేయవు. కాబట్టి గడ్డ నిమ్మకాయంత అయినా, కొబ్బరికాయంత అయినా రక్తపరీక్ష నోరు విప్పదు. వేగంగా పెరిగి మూత్రాశయాన్ని పైకీ, మలాశయాన్ని వెనక్కీ నెడతాయి. మామూలు ప్రోస్టేట్ క్యాన్సర్ పాకితే ఎక్కువగా ఎముకలకు పాకుతుంది. సార్కోమా రక్తం ద్వారా ఊపిరితిత్తులకు వెళ్తుంది. అందుకే ఈ రిపోర్టు రాగానే డాక్టర్లు ఛాతీ సీటీ స్కాన్ అడుగుతారు. ‘జబ్బు కింద ఉంటే పైన స్కాన్ ఎందుకు?’ అని విసుక్కోకూడదు.

రెండో రకం స్టంప్. గ్రంథిని పట్టి ఉంచే ప్రత్యేక కణజాలంలో పుడుతుంది. దీని పూర్తిపేరుకు తెలుగులో అర్థం చెప్పాలంటే ‘ముదురుతుందో లేదో చెప్పలేని కణితి’. అమెరికాకు చెందిన పాథాలజీ నిపుణులు 1998లో 22 మంది రోగుల నమూనాలు పరీక్షించి ఈ జాతిని విడిగా గుర్తించారు. కొందరిలో ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉంటుంది. కొందరిలో గీకి తీసినా మళ్లీ వస్తుంది. ఏ కొద్దిమందిలోనో సార్కోమాగా మారుతుంది. ఆపరేషన్ చేయాలా, కనిపెట్టుకుని ఉండాలా అన్నది రోగి వయసు, గడ్డ సైజు, ముక్కలో కనిపించిన లక్షణాలు చూసి నిర్ణయిస్తారు. చేతికి గడ్డ స్పష్టంగా తగులుతుంటే, స్కాన్‌లో పెద్దగా కనిపిస్తుంటే తీసేయడానికే ఎక్కువమంది మొగ్గుచూపుతారు.

ఇక సిస్టడినోమా. నీటి తిత్తుల గుత్తిలా పెరిగి కటి భాగమంతా నిండిపోగలదు. చూడటానికి భయపెడుతుంది కానీ క్యాన్సర్ కాదు. పూర్తిగా తీసేస్తే సరి. కొంచెం మిగిలితే మాత్రం మళ్లీ పెరగొచ్చు.

మగవాడిలో ‘గర్భసంచి’ క్యాన్సర్!

పేరు తప్పు పెడితే వైద్యం ఎలా దారి తప్పుతుందో చెప్పే పాత ఉదంతం ఒకటుంది. 1967లో న్యూయార్క్‌కు చెందిన మెలికో, పాక్టర్ అనే ఇద్దరు వైద్యులు ప్రోస్టేట్‌లో ఓ వింత కణితిని వర్ణించారు. సూక్ష్మదర్శినిలో అది అచ్చం స్త్రీల గర్భాశయపు లోపొర క్యాన్సర్‌లా కనిపించింది. మగవాడి ప్రోస్టేట్ మధ్యలో యుట్రికిల్ అనే చిన్న గుంట ఉంటుంది. పిండదశలో ఆడవాళ్లలో గర్భసంచిగా మారే భాగానికి మగవాడిలో మిగిలిన ఆనవాలు అదేనని అప్పట్లో నమ్మేవారు. కాబట్టి కణితి అక్కడే పుట్టిందన్నారు.

ఈ పేరు వల్ల పెద్ద చిక్కే వచ్చిపడింది. ఆ రోజుల్లో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ ఓ ముఖ్యమైన మందు. గర్భసంచి లాంటి కణితికి ఈస్ట్రోజెన్ ఇస్తే నిప్పులో నెయ్యి పోసినట్టే కదా! ఇవ్వొచ్చా కూడదా అన్న సందేహం మొదలైంది. తర్వాతి కాలంలో రంగు పరీక్షలు వచ్చాక అసలు సంగతి తేలింది. ఆ కణాలు పీఎస్‌ఏని తయారుచేస్తున్నాయి. అంటే గర్భసంచితో సంబంధం లేదు, ప్రోస్టేట్ నాళాల్లో పుట్టిన క్యాన్సరే! ఇప్పుడు దాన్ని డక్టల్ అడినోకార్సినోమా అంటున్నారు. విడిగా ఇదొక్కటే కనిపించడం అరుదు, మామూలు రకంతో కలిసి కనిపించడం ఎక్కువ. మూత్రంలో రక్తం పడటం దీని ముఖ్య లక్షణం. గ్రంథి దాటకముందే దొరికితే మొత్తం ప్రోస్టేట్‌ని తీసేయడం ప్రధాన చికిత్సల్లో ఒకటి.

కత్తి వద్దనే కణితులు

అరుదైన కణితి అనగానే ‘కోసి పారేయండి’ అనిపిస్తుంది. అన్నిటికీ అది కుదరదు. నాడీ సంబంధ లక్షణాలున్న కణాల్లో వచ్చే స్మాల్ సెల్ క్యాన్సరే చూడండి. ఊపిరితిత్తుల్లో వచ్చే అదే పేరుగల క్యాన్సర్‌కి ఇది తోబుట్టువు లాంటిది. దొరికేసరికే చాలామందిలో ఒళ్లంతా పాకి ఉంటుంది. పీఎస్‌ఏ పెద్దగా పెరగదు. గ్రంథిని తీసేసినంత మాత్రాన జబ్బు పోదు. సిస్‌ప్లాటిన్, ఎటొపొసైడ్ లాంటి కీమో మందులే ముందు నడవాలి. మామూలు ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఏళ్ల తరబడి హార్మోన్ చికిత్స తీసుకున్న కొందరిలో కూడా కణాలు ఈ రూపంలోకి మారుతుంటాయి.

ప్రోస్టేట్‌లో లింఫోమా పుడితే దానిది మరో దారి. అది రక్తసంబంధమైన క్యాన్సర్. మందులతో కరుగుతుంది. దానికోసం గ్రంథి మొత్తం తీసేస్తే అనవసరంగా అవయవాన్ని పోగొట్టుకోవడమే. మూత్రనాళపు పొరలో పుట్టే యూరోథీలియల్ క్యాన్సర్‌కి ఉల్టా లెక్క. గ్రంథిలోకి లోతుగా దిగితే ప్రోస్టేట్ ఒక్కటే తీస్తే చాలదు, మూత్రాశయమూ తీయాల్సి వస్తుంది.

అందుకే సర్జన్ కన్నా ముందు మాట్లాడాల్సింది పాథాలజిస్టు. మామూలుగా సూదితో తీసే పన్నెండు సన్నటి ముక్కల్ని రకరకాల రంగులతో పరీక్షించి, ఏ కణంలో పుట్టిందో తేలుస్తారు. కండరపు గుర్తులు కనిపిస్తే ఒక దారి, నాడీ కణాల గుర్తులు కనిపిస్తే ఇంకో దారి. అరుదైన కణితుల్ని ఓ పాథాలజిస్టు తన జీవితకాలంలో రెండుమూడుసార్లు చూస్తే గొప్ప. కాబట్టి రెండో అభిప్రాయం తీసుకోవడం డాక్టర్ని అవమానించడం కాదు.

1904 నుంచి...

గ్రంథిని సమూలంగా తీసే ఆపరేషన్‌కు నూట ఇరవై ఏళ్లు దాటాయి. 1904 ఏప్రిల్ 7న అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హ్యూ హాంప్టన్ యంగ్ మొదటిసారి క్యాన్సర్ కోసం ప్రోస్టేట్‌ని పూర్తిగా తొలగించాడు. వృషణాలకూ మలద్వారానికీ మధ్యనుండే చోట కోత పెట్టి, కిందనుంచి వెళ్లాడు. పక్కన నిలబడి సాయం చేసింది శస్త్రచికిత్సలో మహామహుడు విలియం హాల్‌స్టెడ్. 1940ల్లో లండన్‌లో పనిచేసిన ఐర్లాండ్ వైద్యుడు టెరెన్స్ మిలిన్ బొడ్డు కిందనుంచి వెళ్లే దారి చూపించాడు.

దారి దొరికింది కానీ రోగులు భయపడేవారు. కారణం, రక్తం విపరీతంగా పోయేది. బతికి బయటపడ్డవాళ్లలో దాదాపు అందరికీ అంగస్తంభన పోయేది. చాలామందికి మూత్రం మీద అదుపు తప్పేది. ‘అలా బతికేకన్నా...’ అనుకుని ఆపరేషన్ వద్దనేవాళ్లే ఎక్కువ.

దీన్ని మార్చిన మలుపు 1981లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వచ్చింది. జాన్స్ హాప్కిన్స్ సర్జన్ పాట్రిక్ వాల్ష్ అక్కడికి వెళ్లాడు. పదవీ విరమణ చేసిన డచ్ వైద్యుడు పీటర్ డాంకర్ ఓ మృతశిశువు దేహంలో మూత్రాశయపు నాడుల్ని వెతుకుతున్నాడు. పెద్దవాళ్ల దేహాల్లో కొవ్వు, పీచు మధ్య కనిపించని సన్నటి నాడులు శిశువులో స్పష్టంగా కనిపిస్తాయి. అంగస్తంభనకు కారణమైన నాడులు ఎక్కడున్నాయని వాల్ష్ అడిగాడు. ఇద్దరూ కలిసి వెతికారు. అవి ప్రోస్టేట్ లోపల లేవు! బయట, రెండు పక్కలా, పొరకు ఆనుకుని వెళ్తున్నాయి. అంటే గ్రంథిని తీసేటప్పుడు వాటిని పక్కకు జరపొచ్చన్నమాట. 1982 ఏప్రిల్ 26న వాల్ష్ 52 ఏళ్ల రోగికి అలా ఆపరేషన్ చేశాడు. ఏడాదిలోపే అతనికి అంగస్తంభన తిరిగొచ్చింది.

ఓ తెలుగువాడి చెయ్యి

ఈ కథలో తెలుగువాళ్లకూ ఓ పేజీ ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి అమెరికా వెళ్లి సాఫ్ట్‌వేర్ వ్యాపారంలో స్థిరపడ్డ రాజ్ వట్టికూటి 2001లో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రికి ప్రోస్టేట్ క్యాన్సర్ చికిత్స, పరిశోధనల కోసం 2 కోట్ల డాలర్ల విరాళం ప్రకటించారు. అక్కడి యూరాలజీ విభాగం వట్టికూటి యూరాలజీ ఇన్‌స్టిట్యూట్ అయింది. కేరళలో పుట్టిన మణి మీనన్ అప్పట్లో దానికి సారథ్యం వహించారు. రోబో సాయంతో ప్రోస్టేట్ తీసే పద్ధతికి మెరుగులు దిద్ది, ప్రపంచమంతా నేర్చుకునేలా చేసింది ఆయన బృందమే.

రోబో అంటే దానంతటది కోసేస్తుందనుకోవద్దు. కోసేది డాక్టరే. కొన్ని అడుగుల దూరంలో కూర్చుని, ఎన్నో రెట్లు పెద్దగా కనిపించే త్రీడీ తెరను చూస్తూ చేతులు కదిలిస్తాడు. చిన్న రంధ్రాల్లోంచి రోగి కడుపులోకి వెళ్లిన పరికరాలు అదే కదలికను అనుసరిస్తాయి. చేతి వణుకును యంత్రం వడకట్టేస్తుంది. రక్తస్రావం, గాయం తక్కువ. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఇలాంటి ఆపరేషన్లు జరుగుతున్నాయి.

అయితే ఈ సున్నితత్వం అరుదైన కణితుల దగ్గర అన్నిసార్లూ పనికిరాదు. నాడుల్ని కాపాడాలని సార్కోమాకు దగ్గరగా కోస్తే, గడ్డ అంచు లోపలే మిగిలిపోవచ్చు. కొబ్బరికాయంత గడ్డను చీలకుండా, ముక్కలవకుండా బయటికి తీయాలంటే చాలాసార్లు పాతపద్ధతిలో పొట్ట తెరవాల్సిందే.

సిరా చెప్పే తీర్పు

తీసిన గడ్డ ల్యాబ్‌కి వెళ్లాక ముందుగా దాని పైభాగమంతా సిరా పూస్తారు. తర్వాత పలచటి ముక్కలుగా కోసి చూస్తారు. క్యాన్సర్ కణాలు సిరాను తాకుతుంటే అంచు దాకా జబ్బు ఉందన్నమాట. అంటే లోపల కొంత మిగిలి ఉండొచ్చు. సిరాకూ కణాలకూ మధ్య ఆరోగ్యవంతమైన కండ ఉంటే సర్జన్ గెలిచినట్టు.

ఈ అంచు ఎంత ముఖ్యమో అమెరికాలోని ఎం.డి.ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ వైద్యుల లెక్కలు చెబుతాయి. తమ దగ్గర చికిత్స పొందిన ప్రోస్టేట్ సార్కోమా రోగుల వివరాలు 2001లో ప్రచురించారు. అంత పెద్ద సంస్థలో దొరికినవాళ్లు ఎందరో తెలుసా... 21 మంది! వాళ్లలో ఏడాది తర్వాత జీవించి ఉన్నవారు 81 శాతం. మూడేళ్లకు 43 శాతం. అయిదేళ్లకు 38 శాతం. ఎక్కువకాలం బతికిందెవరని చూస్తే రెండు సంగతులు తేలాయి. వచ్చేసరికి జబ్బు వేరేచోటికి పాకనివాళ్లు, ఆపరేషన్‌లో అంచులు శుభ్రంగా వచ్చినవాళ్లు. మొదటిది త్వరగా కనిపెట్టడం మీద ఆధారపడుతుంది. రెండోది సర్జన్ చేతిమీద.

ఆ శుభ్రమైన అంచు కోసమే సార్కోమాలో చాలాసార్లు ప్రోస్టేట్‌తోపాటు మూత్రాశయాన్నీ తీసేస్తారు. గడ్డ మలాశయానికి అంటుకుని ఉంటే అదీ వదులుకోవాలి. గడ్డ మరీ పెద్దదైతే ముందు కీమో, రేడియేషన్ ఇచ్చి కాస్త కుదించి, తర్వాత ఆపరేషన్ చేస్తారు.

పొట్ట మీద సంచి

మూత్రాశయం తీసేస్తే మూత్రం ఎక్కడికి వెళ్లాలి? దీనికి జవాబు 1950లో అమెరికా సర్జన్ యూజీన్ బ్రికర్ చెప్పాడు. చిన్నపేగులోంచి జానెడు ముక్కను రక్తనాళాలతో సహా వేరుచేస్తారు. మిగతా పేగును మళ్లీ అతికిస్తారు. మూత్రపిండాల నుంచి వచ్చే రెండు నాళాల్నీ ఆ ముక్కకు కలుపుతారు. దాని రెండో చివరను పొట్ట కుడివైపు చర్మం బయటికి తెస్తారు. అక్కడ అంటించిన సంచిలోకి మూత్రం చేరుతుంది. నిండకముందే ఖాళీ చేసుకోవాలి. సంచిని కొద్ది రోజులకోసారి మార్చుకోవాలి. ఇంకో పద్ధతిలో రెండడుగుల దాకా చిన్నపేగు తీసి కొత్త మూత్రాశయం కుడతారు. సంచి ఉండదు కానీ అందరికీ అది కుదరదు. మూత్రనాళం దాకా జబ్బు ఉంటే అసలు కుదరదు. మలాశయం తీసినవాళ్లకు మలానికి మరో సంచి.

చదువుతుంటేనే కష్టంగా ఉంది కదూ! ఆ నిర్ణయం తీసుకోవాల్సిన మనిషికి ఇంకెంత కష్టం? పొలానికి వెళ్లొచ్చా, బస్సెక్కొచ్చా, వాసన వస్తుందా, గుడికి వెళ్లొచ్చా... ఈ ప్రశ్నలన్నీ మనసులోనే తిరుగుతుంటాయి. భార్యతో గడిపే రాత్రుల సంగతి చాలామంది పెదవి దాటనివ్వరు. డాక్టర్ని అడగడానికి సిగ్గు. డాక్టరుకు చెప్పడానికి తీరిక ఉండదు. ఆపరేషన్‌కి ముందే భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి ఏం పోతుందో, ఏం మిగులుతుందో చెప్పడం చికిత్సలో భాగమే. సంచి ఎక్కడ పెడతారో ముందే పొట్ట మీద గుర్తుపెట్టించుకోవాలి. లుంగీ, ప్యాంటు కట్టుకునే చోట, వంగితే మడతపడే చోట కాకుండా చూడాలి. చిన్న విషయమే. రోజూ దానితో బతికేవాళ్లకు మాత్రం పెద్దదే. సంచికి అలవాటుపడి మళ్లీ ఉద్యోగాలకూ, పొలాలకూ వెళ్తున్నవాళ్లు ఎందరో ఉన్నారు.

పసివాళ్ల కోసం కత్తి ఆగింది

పిల్లల్లో వచ్చే రాబ్డోమయోసార్కోమా కథ దీనికి పూర్తిగా వేరు. ఒకప్పుడు రెండుమూడేళ్ల బాబుకు ప్రోస్టేట్‌లో గడ్డ కనిపిస్తే మూత్రాశయంతో సహా అన్నీ తీసేసేవారు. జీవితమంతా సంచితో బతకాలి. అంత చేసినా చాలామంది దక్కేవారు కాదు. ఒంట్లో ఎక్కడ వచ్చినా సరే, ఈ క్యాన్సర్ సోకిన పిల్లల్లో నలుగురిలో ఒకరే బతికిన రోజులవి.

1972లో అమెరికాలో ఆసుపత్రులన్నీ చేతులు కలిపాయి. ఒక్కో ఆసుపత్రికి ఏడాదికి ఒకరో ఇద్దరో వచ్చే జబ్బు. విడివిడిగా ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. అందుకే ఉమ్మడిగా ఒకే పద్ధతిలో చికిత్స చేసి, ఫలితాలు పోల్చి చూడటం మొదలుపెట్టారు. విన్‌క్రిస్టిన్, ఆక్టినోమైసిన్-డి, సైక్లోఫాస్ఫమైడ్ అనే మూడు మందులు ముందు ఇచ్చి, రేడియేషన్ జోడిస్తే ఎన్నో గడ్డలు కుదించుకుపోయాయి. కత్తి రెండో వరుసలోకి వెళ్లింది. 1990లకల్లా ఈ క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో దాదాపు 70 శాతం మంది బతికే స్థితి వచ్చింది. ఫ్రాన్స్‌లో పారిస్ శివార్లలోని గుస్తావ్ రూసీ సంస్థ వైద్యులు ఇంకో అడుగు వేశారు. మిగిలిన గడ్డను మాత్రమే తీసి, ఆ చోటే సన్నటి గొట్టాలు అమర్చి లోపలినుంచి రేడియేషన్ ఇచ్చారు. బిడ్డ మూత్రాశయం బిడ్డకే ఉంది.

పిల్లాడు ఒంటేలుకి వెళ్లడానికి ముక్కుతున్నా, ఏడుస్తున్నా, పొత్తికడుపులో గట్టిగా తగులుతున్నా దిష్టి అనో, వేడి చేసిందనో రోజులు గడపకూడదు. ఒక్క అల్ట్రాసౌండ్ స్కాన్‌తో గడ్డ ఉందో లేదో తెలిసిపోతుంది.

ఏం అడగాలి?

* మూత్రం ఇబ్బందికి వెళ్లినప్పుడు వేలి పరీక్షకు వెనకాడొద్దు. అరనిమిషం పని. పీఎస్‌ఏ చెప్పని గడ్డ చాలాసార్లు డాక్టరు వేలికి తెలుస్తుంది.

* మందులు వాడుతున్నా త్వరత్వరగా ముదురుతుంటే, యాభై నిండకుండానే మూత్రం ఆగిపోతే, మూత్రంలో రక్తం కనిపిస్తే ‘వయసు వాపే’ అని సరిపెట్టుకోవద్దు. ఎంఆర్ఐ అవసరమేమో అడగండి.

* గీకి తీసిన ముక్కలు ల్యాబ్‌కి వెళ్లాయో లేదో కనుక్కోండి. రిపోర్టు చేతికి తీసుకోండి.

* అరుదైన పేరు కనిపిస్తే రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, స్లైడ్లు, మైనపు దిమ్మెలు కూడా ఇమ్మని అడగండి. వాటిమీద హక్కు మీదే. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో మళ్లీ చూపించడానికి అవే కావాలి.

* సర్జన్, కీమో వైద్యుడు, రేడియేషన్ వైద్యుడు కలిసి కూర్చుని నిర్ణయించే చోటికి వెళ్లండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రులున్నాయి. ముంబయిలో 1941లో మొదలైన టాటా మెమోరియల్ ఉంది.

* ‘ఇలాంటివి ఇంతకుముందు ఎన్ని చేశారు?’ అని సర్జన్‌ని అడగడంలో తప్పులేదు. మంచి డాక్టరు నొచ్చుకోడు.

* ఆపరేషన్ తర్వాత పీఎస్‌ఏ చేయించి ఊరుకుంటే సార్కోమా రోగికి అది చాలదు. మళ్లీ వచ్చిందేమో చెప్పేవి స్కాన్‌లే. డాక్టరు చెప్పిన గడువు తప్పకుండా చేయించుకోవాలి.

* ఖర్చు సంగతి సిగ్గుపడకుండా ముందే మాట్లాడండి. పథకం కింద ఏది వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని అడిగితే చెబుతారు.

మళ్లీ ఆ రైతు దగ్గరికి వద్దాం. అతని చేతిలో ఇప్పుడు రిపోర్టు ఉంది. ఛాతీ స్కాన్ తీయాలి. అది శుభ్రంగా ఉంటే ముందున్నది పెద్ద ఆపరేషనే అయినా, బతుకు మీద ఆశ ఉంది. ‘మూడు నెలల ముందే తెలిసుంటే...’ అని భార్య బాధపడొచ్చు. ఆ మూడు నెలలు తిరిగిరావు. రాత్రిళ్లు నాలుగుసార్లు లేస్తూ, ‘వయసు కదా’ అని సర్దిచెప్పుకుంటున్న మరో ఇంటి పెద్దాయనకు మాత్రం ఇంకా సమయం ఉంది. వచ్చే సోమవారం ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఇంట్లో ఒక్కరు పూనుకుంటే చాలు.